ఉత్తరానికి పారే ఎర్ర నది

(పాఠశాల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వాళ్లు ఫోన్ చేసి, "ఇరవై నిమిషాలు మాట్లాడాలి, మీ ఉద్యోగం గురించి ఏదైనా చెప్పండి" అన్నారు. నా ఉద్యోగం వాననీరు, వరదనీరు ఎటు పోవాలో లెక్క కట్టడం. దాని గురించే ఇరవై నిమిషాలు చెబితే, ముందు వరసలో కూర్చున్నవాళ్లు కూడా మెల్లగా టిఫిన్ల వైపు జారుకుంటారు. అందుకని ఒక నది కథ చెబుతాను. అది మన నది కాదు, కెనడాలో ఉంది. కానీ ఆ కథ మొదలైంది మాత్రం ఈ బళ్లోనే.

ఎనిమిదో తరగతిలో మా సోషల్ మాస్టారు గోడకి ప్రపంచ పటం తగిలించి పాఠం చెబుతున్నారు. "నైలు నది దక్షిణాన పుట్టి ఉత్తరాన సముద్రంలో కలుస్తుంది" అన్నారు. నేను లేచి నిలబడి, "మాస్టారూ, నీళ్లు కిందనుంచి పైకి ఎలా ఎక్కుతాయండీ?" అని అడిగాను. క్లాసంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వినవాళ్లలో కొందరు ఇప్పుడు ఇక్కడే కూర్చుని ఉన్నారు, నాకు కనిపిస్తున్నారు. మాస్టారు నవ్వలేదు. మేకు మీదనుంచి పటం తీసి, నేల మీద పరిచారు. మమ్మల్నందరినీ చుట్టూ నిలబెట్టారు. "ఇప్పుడు చెప్పండిరా, ఏది పైన, ఏది కింద?" అన్నారు. ఎవరం చెప్పలేకపోయాం. "పటం గోడకి ఉంటుంది, నది నేల మీద ఉంటుంది. నేల ఎటు వాలితే నీళ్లు అటు పోతాయి" అన్నారు. నాకు తెలిసిన ఇంజనీరింగులో సగం ఆ మాటలోనే ఉంది.

చాలా ఏళ్ల తర్వాత ఉద్యోగరీత్యా కెనడాలో, మానిటోబా రాష్ట్ర రాజధాని విన్నిపెగ్‌లో కొంతకాలం ఉన్నాను. ఆ ఊరి మధ్యగా ఒక నది పారుతుంది. పేరు రెడ్ రివర్, అంటే ఎర్ర నది. అది ఉత్తరానికి పారుతుంది. మొదటిసారి చూసినప్పుడు మాస్టారే గుర్తొచ్చారు.

ఈ నది అమెరికాలో పుడుతుంది. ఆటర్ టెయిల్, బోయ్ డి సూ అనే రెండు చిన్న నదులు వాపెటన్, బ్రెకెన్‌రిడ్జ్ అనే జంట ఊళ్ల దగ్గర కలిసి రెడ్ రివర్ అవుతాయి. అక్కడినుంచి నార్త్ డకోటా, మిన్నెసోటా రాష్ట్రాలకు సరిహద్దుగా పారి, ఫార్గో, గ్రాండ్ ఫోర్క్స్ పట్టణాలు దాటి, ఎమర్సన్ అనే ఊరి దగ్గర కెనడాలో అడుగు పెడుతుంది. విన్నిపెగ్‌లో పడమటినుంచి వచ్చే అస్సినిబొయిన్ నది దానిలో కలుస్తుంది. ఆ తర్వాత విన్నిపెగ్ సరస్సులో చేరుతుంది. సరస్సు నీళ్లు నెల్సన్ నది ద్వారా హడ్సన్ అఖాతానికి పోతాయి. నది పొడవు సుమారు 880 కిలోమీటర్లు. అందులో కెనడా భాగం మూడో వంతు కూడా లేదు. కానీ కథంతా ఆ భాగంలోనే ఉంది.

ఇంత పొడవు నదికి మొదటినుంచి చివరిదాకా వాలు ఎంతో తెలుసా? దాదాపు 70 మీటర్లు. అంటే కిలోమీటరుకు జానెడు కూడా లేదు, ఎనిమిది సెంటీమీటర్లు. మన ఇళ్లలో బాత్‌రూమ్ గచ్చుకి మేస్త్రీ ఇచ్చే వాలు ఇంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కారణం ఏమిటంటే, ఆ ప్రాంతమంతా ఒకప్పటి సరస్సు అడుగు. మంచుయుగం చివర ఖండాన్ని కప్పిన మంచు కరుగుతూ, ఉత్తరానికి దారిలేక నిలిచిపోయి ఒక మహా సరస్సు అయింది. శాస్త్రవేత్తలు దానికి అగాసి సరస్సు అని పేరు పెట్టారు. ఇప్పుడు ఉత్తర అమెరికాలో గ్రేట్ లేక్స్ అని చెప్పుకునే ఐదు సరస్సులనూ కలిపినా దానంత కావంటారు. సుమారు ఎనిమిదివేల ఏళ్ల కిందట ఆ నీళ్లు వెళ్లిపోయాయి. అడుగున పేరుకున్న మెత్తటి బంకమట్టి మిగిలింది. గోధుమ పంటకు అంత మంచి నేల మరొకటి దొరకదు. వరదకు మాత్రం అంత చెడ్డ నేల ఉండదు. గట్టు దాటిన నీటిని ఆపడానికి అక్కడ ఒక దిబ్బ కూడా లేదు.

దీనికి తోడు ఉత్తరానికి పారడం ఒకటి. చలికాలంలో ఆ నది మొత్తం గడ్డకడుతుంది. విన్నిపెగ్‌లో మంచు మీద జనం స్కేటింగ్ చేస్తారు. వసంతం వచ్చేసరికి దక్షిణాన ముందు కరుగుతుంది. కరిగిన నీళ్లు ఉత్తరానికి వస్తాయి. ఇక్కడ ఇంకా నది గడ్డకట్టే ఉంటుంది. మంచు పలకలు ఒకదాని మీద ఒకటి ఎక్కి అడ్డుకట్టలాగా నిలబడతాయి. వెనకనుంచి నీరు వస్తూనే ఉంటుంది. మన కృష్ణ, గోదావరి వరదలు వానాకాలంలో వస్తాయి. వాళ్ల వరద ఏప్రిల్, మే నెలల్లో, ఆకాశం నిర్మలంగా ఉండగా ఎండలో వస్తుంది.

ఇక్కడ ఒక లెక్క చెబుతాను. విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర 2024 సెప్టెంబరులో కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. రెడ్ రివర్‌లో చరిత్రకు తెలిసిన అతి పెద్ద వరద 1826లో వచ్చింది. దాని అంచనా 2.25 లక్షల క్యూసెక్కులు. మన కృష్ణ ముందు అది పిల్లకాలువ. కానీ ఆ పిల్లకాలువ ఊళ్లను రోజులు కాదు, వారాల తరబడి ముంచుతుంది. వరదంటే ఎంత నీరు వచ్చిందన్నది ఒక్కటే కాదు, వచ్చిన నీరు ఎంత త్వరగా పోగలదన్నది కూడా.

ఇక మనుషుల సంగతికి వస్తాను. రెండు నదులు కలిసే చోటు, ఇప్పుడు దాన్ని ది ఫోర్క్స్ అంటారు, వేల ఏళ్లుగా ఆదివాసీలు కలుసుకునే చోటు. విన్నిపెగ్ అనే పేరు క్రీ భాషనుంచి వచ్చింది. బురదనీళ్లు అని అర్థం. యూరపునుంచి ఉన్ని తోళ్ల వ్యాపారులు పడవల్లో వచ్చారు. వాళ్లకూ ఆదివాసీ స్త్రీలకూ పుట్టిన సంతతే మేటి అనే జాతి అయింది. 1812లో లార్డ్ సెల్కిర్క్ అనే ప్రభువు పంపిన స్కాట్లండ్ రైతులు ఈ నది ఒడ్డున దిగారు. 1826 వరద ఆ కొత్త ఊరిని ఊడ్చేసింది. కొందరు విసిగి అమెరికా వెళ్లిపోయారు. హడ్సన్స్ బే కంపెనీ తన కోట పాడైతే, ముప్పై కిలోమీటర్లు దిగువన ఎత్తయిన గట్టు చూసుకుని ఇంకో కోట కట్టుకుంది. వ్యాపారికి నేల వాలు తెలుసు.

నది ఒడ్డున మేటి రైతుల భూములు ఒక పద్ధతిలో ఉండేవి. నది వైపు ముఖం సన్నగా, వెనక్కి పొడుగ్గా, పట్టీల్లాగా. ప్రతి ఇంటికీ నీటి రేవు, వెనక పొలం, దాని వెనక గడ్డి, కట్టెలు. 1869లో ఆ ప్రాంతాన్ని కెనడా కొనుక్కుంటూ, అక్కడి జనాన్ని అడగకుండానే సర్వేయర్లను పంపింది. వాళ్లు చదరపు గళ్లుగా కొలవడం మొదలుపెట్టారు. గళ్లు పట్టీలకు అడ్డంగా పడ్డాయి. అక్టోబరు 11న లూయీ రియెల్ అనే పాతికేళ్ల యువకుడు తన వాళ్లతో వచ్చి, సర్వేయరు గొలుసు మీద కాలు వేసి నిలబడ్డాడు. కొలత ఆగిపోయింది. ఆ కాలుతో మొదలైన పోరాటం వల్లే 1870 జూలైలో మానిటోబా ఒక రాష్ట్రంగా కెనడాలో చేరింది. రియెల్‌ను పదిహేనేళ్ల తర్వాత, 1885లో, ఇంకో తిరుగుబాటు మీద ఉరితీశారు. ఇప్పుడు అదే మానిటోబాలో ఆయన పేరు మీద ప్రతి ఫిబ్రవరిలో సెలవు ఇస్తున్నారు. మనలో సివిల్ ఇంజనీర్లు ఎవరైనా ఉంటే ఆ గొలుసును గుర్తుపెట్టుకోండి. ఆ గొలుసు కొలత తప్పలేదు. అక్కడ ఉన్న మనుషులను మాత్రం లెక్కలోకి తీసుకోలేదు.

తర్వాత రైలు వచ్చింది. ఆ మైదానానికి వచ్చిన మొదటి రైలు ఇంజను పట్టాల మీద రాలేదు. 1877 అక్టోబరులో, ఆవిరి పడవకు కట్టిన బల్లకట్టు మీద ఈ నదిలోనే వచ్చింది. ఇప్పటికీ దాన్ని విన్నిపెగ్‌లో దాచుకున్నారు. దేశమంతా దాటే పెద్ద రైలుమార్గానికి నది మీద వంతెన ఎక్కడ వేయాలన్న ప్రశ్న వచ్చింది. ఆ సర్వేకు పెద్ద సర్ శాండ్‌ఫర్డ్ ఫ్లెమింగ్. ప్రపంచానికి ప్రామాణిక కాలమానం కావాలని వాదించినవాడు ఆయనే. "విన్నిపెగ్ మునిగే చోటు, దిగువన సెల్కిర్క్ దగ్గర గట్లు ఎత్తుగా ఉన్నాయి, అక్కడ దాటండి" అని ఆయన సలహా. విన్నిపెగ్ పెద్దలు వంతెన ఇస్తామన్నారు, పన్నులు వద్దన్నారు. 1881లో రైలు విన్నిపెగ్‌కే వచ్చింది. రైలుతో పాటు జనం వచ్చారు, బ్యాంకులు వచ్చాయి, మహానగరం అయింది. ఇంజనీరు మాట వినలేదని నేను నిష్ఠూరం ఆడను. కానీ వినకపోతే దాని ఖరీదు ఒకనాడు ఎవరో ఒకరు కట్టాలి.

ఆ రోజు 1950లో వచ్చింది. ఆ మే నెలలో నది లక్షా మూడు వేల క్యూసెక్కులకు చేరింది. 1826 నాటి దానిలో సగం కూడా కాదు. అయినా కరకట్టలు తెగాయి, వంతెనలు పోయాయి, పదివేల ఇళ్లదాకా దెబ్బతిన్నాయి. సుమారు లక్షమంది ఊరు విడిచి వెళ్లారు.

దీని తర్వాత ఇంజనీర్లు ఒక మాట చెప్పారు. ఈ నదికి కరకట్టలు ఎంత ఎత్తు పెంచినా లాభం లేదు, ఎగువన జలాశయం కట్టడానికి కొండలు లేవు, కాబట్టి ఊరి చుట్టూ ఇంకో నది తవ్వాలి. నవ్వొచ్చే మాటే. అంత చదునైన నేలలో, చిన్న రాష్ట్రం, అంత ఖర్చు. 1958లో ప్రీమియర్ అయిన డఫ్ రాబ్లిన్ దీన్ని తలకెత్తుకున్నాడు. ప్రీమియర్ అంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవి. ఎగతాళికి దానికి డఫ్స్ డిచ్, అంటే డఫ్ గారి గుంట, అని పేరు పెట్టారు. ఆయన పట్టు వదల్లేదు. 1962 అక్టోబరులో తవ్వకం మొదలై 1968 మార్చిలో పూర్తయింది. పొడవు 47 కిలోమీటర్లు. తీసిన మట్టి 7 కోట్ల 60 లక్షల ఘనమీటర్లు. అనుకున్న 6 కోట్ల 30 లక్షల డాలర్లతో అయిపోయింది. మన వృత్తిలో ఇది అరుదైన సంగతి, కాబట్టి చప్పట్లు కొట్టవచ్చు.

ఈ వరద కాలువ పనిచేసే తీరు చెబుతాను, వినడానికి తమాషాగా ఉంటుంది. కాలువ నోటికి గేట్లు లేవు. గేట్లు నదికే ఉన్నాయి. కాలువ మొదలయ్యే చోట నది అడుగున ఒక్కోటి 34 మీటర్ల వెడల్పుతో రెండు ఉక్కు గేట్లు పడుకుని ఉంటాయి. మామూలు రోజుల్లో వాటి మీదుగా నీళ్లు, పడవలు పోతూనే ఉంటాయి. వరద వచ్చినప్పుడు వాటిని అడుగునుంచి పైకి లేపుతారు. నది ఆగదు, కానీ ఎగువన మట్టం పెరుగుతుంది. పెరిగిన నీరు పక్కన ఉన్న కాలువ గడప దాటి లోపలికి దిగుతుంది. ఊరిని తూర్పునుంచి చుట్టి, ఉత్తరాన లాక్‌పోర్ట్ అనే ఊరి దగ్గర మళ్లీ నదిలో కలుస్తుంది. మిగతా రోజుల్లో అది పచ్చగడ్డి పెరిగిన వెడల్పాటి పల్లం, అంతే. దాని మీద వంతెన దాటుతున్న కొత్తవాళ్లకి అది తవ్వినదని కూడా తెలియదు.

గుంట అన్నవాళ్ల నోళ్లు 1997లో మూతపడ్డాయి. ఆ ఏడాది వచ్చిన వరదను శతాబ్దపు వరద అంటారు. ముందు అమెరికా వైపు గ్రాండ్ ఫోర్క్స్ మునిగింది. అక్కడ అధికారులు నీరు 49 అడుగులకు రావచ్చని చెబుతూ వచ్చారు. జనం దానికి మూడు అడుగులు కలుపుకుని కట్టలు వేసుకున్నారు. నది 54 అడుగులు దాటింది. ఊరు దాదాపు మొత్తం ఖాళీ చేయించారు. మునిగిన ఊరి మధ్యలో మంటలు అంటుకుని భవనాలు కాలిపోయాయి. చుట్టూ నీళ్లు, ఆర్పడానికి మాత్రం దారి లేదు. ఆ తర్వాత మా వృత్తిలో అందరూ చెప్పుకునే మాట ఏమిటంటే, అంచనా చెప్పేటప్పుడు ఒక్క అంకె చెప్పి ఊరుకోకూడదు. ఎంత తప్పవచ్చో కూడా అదే నోటితో చెప్పాలి.

అక్కడ మునిగిన నీరే విన్నిపెగ్ వైపు బయలుదేరింది. సరిహద్దునుంచి ఊరిదాకా నేల ఒక్కటే జలమయం. జనం దాన్ని ఎర్ర సముద్రం అన్నారు. పక్కనుంచి కాలువను తప్పించుకుని పడమటి వైపు ఊళ్లోకి వస్తుందేమోనన్న భయంతో, బ్రంకిల్డ్ అనే ఊరి దిశగా దాదాపు 40 కిలోమీటర్ల మట్టికట్టను రాత్రింబగళ్లు పనిచేసి కొద్ది రోజుల్లో వేశారు. అలలు కట్టను కోయకుండా పాత స్కూలు బస్సులను తెచ్చి వరసగా పెట్టారు. పసుపుపచ్చ బస్సులు నీళ్లకి కాపలా కాశాయి. నగరంలో చిన్నాపెద్దా, బడిపిల్లలు కూడా ఇసుక బస్తాలు నింపారు. కాలువలు, గేట్లు లేకపోతే ఆ మే నెల మొదట్లో నగరం మధ్యలో 1.63 లక్షల క్యూసెక్కులు పోయేవి. అందులో సగం దాకానే ఊళ్లోంచి పోయింది. వరద కాలువ ఒక్కటే 60 వేలకు పైగా మోసింది. అంటే అది ఎంతకని తవ్వారో అంతకంటే ఎక్కువ. నగరం నిలబడింది.

ఇక్కడితో ఆపితే మీరు సంతోషంగా చప్పట్లు కొడతారు, నేను కూడా కిందికి దిగిపోవచ్చు. కానీ అది సగం కథ. మిగతా సగం చెప్పాలంటే నా సంగతి ఒకటి చెప్పాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇక్కడే మన రాష్ట్రంలో, ఒక పల్లెరోడ్డు పని నాకు అప్పగించారు. ప్రతి వానాకాలం మునిగే రోడ్డు. నేను దాన్ని మీటరు పైన ఎత్తు పెంచాను. లెక్క ప్రకారం తూములు పెట్టాను. ఆ ఏడు పెద్ద వాన పడింది. రోడ్డు మునగలేదు. నేను చూసుకుని మురిసిపోతున్నాను. పక్క పొలం రైతు, మా నాన్న వయసు ఉంటుంది, వచ్చి నా పక్కన నిలబడ్డాడు. కోపం లేదు, అరవలేదు. "రోడ్డు బాగుంది బాబూ, మునగలేదు. మరి దాని మీదుగా పోవలసిన నీళ్లు ఎక్కడికి పోయాయో మీ కాగితంలో రాశారా?" అన్నాడు. తల తిప్పి చూస్తే ఎగువన ఆయన చేలో నీళ్లు నిలబడి ఉన్నాయి. ప్రతి ఏడూ రెండు రోజుల్లో తీసే నీరు ఆ ఏడు తొమ్మిది రోజులు నిలిచింది. వరి కుళ్లిపోయింది. నా డ్రాయింగులో రోడ్డు అంచునుంచి పదిహేను మీటర్ల దాకా ఉంది. ఆయన పొలం అందులో లేదు. తర్వాత ఇంకో రెండు తూములు వేయించాను. కానీ ఆ పంట నేను తిరిగి ఇవ్వలేదు. ఇవ్వడానికి ఏ కాగితంలోనూ పద్దు లేదు.

ఇప్పుడు విన్నిపెగ్ గేట్ల దగ్గరికి రండి. గేట్లు లేపితే ఎగువన మట్టం పెరుగుతుందని ఇందాక చెప్పాను. ఎగువన ఉన్నది ఎవరు? గ్రాండ్ పాయింట్ అనే చిన్న ఊరు ఆ గేట్లకు దగ్గరలోనే ఉంది. 1997లో అక్కడ వందకు పైగా ఇళ్లు మునిగాయి. ఆ రోజుల్లో గేట్ల వల్ల ఎగువన నీరు సహజ మట్టం కంటే పైకి వెళ్లిందని తర్వాత విచారణల్లో తేలింది. ఆరు లక్షలకు పైగా ఉన్న నగరం ఒకవైపు, వంద ఇళ్లు ఒకవైపు. లెక్క వేస్తే ఎవరైనా గేట్లు లేపమనే అంటారు. నేనూ అంటాను. కానీ ఆ వంద ఇళ్లవాళ్లు అడిగినది గేట్లు దించమని కాదు. "మమ్మల్ని ముంచారని ఒప్పుకోండి, నష్టం కట్టండి" అని అడిగారు. 2004లో మానిటోబా ఒక చట్టం చేసింది. వరద కాలువ నడపడం వల్ల సహజ మట్టం దాటి నీరు పెరిగి నష్టపోయినవాళ్లకు పరిహారం పొందే హక్కు ఉందని అందులో రాశారు. కాలువ తవ్విన 36 ఏళ్లకు ఆ పద్దు కాగితం మీదకి వచ్చింది. 2005నుంచి కాలువను వెడల్పు చేసి, 1.4 లక్షల క్యూసెక్కులు పట్టేట్టు పెంచారు. 700 ఏళ్లకోసారి వచ్చే వరదను కూడా ఆపగలదని దాని లెక్క. నది పొడుగునా పల్లెల చుట్టూ వలయాకారంగా కట్టలు వేశారు. రైతులు మట్టి దిబ్బలు పోయించుకుని వాటి మీద ఇళ్లు కట్టుకున్నారు.

ఇంకొకరి సంగతి కూడా చెప్పాలి. నది దిగువన, సెల్కిర్క్ దగ్గర, ఆదివాసీలకు సెయింట్ పీటర్స్ అని ఒక భూమి ఉండేది. 1871లో చేసుకున్న ఒప్పందం, దాన్ని మొదటి ఒప్పందం అంటారు, దాని కింద వాళ్లకు దక్కిన సారవంతమైన నదీతీరం. 1907లో ఒక ఓటింగు పెట్టి దాన్ని వాళ్లచేత వదిలించారు. వాళ్లను విన్నిపెగ్‌కు దాదాపు 190 కిలోమీటర్లు ఉత్తరాన, ఫిషర్ నది పక్కన పల్లపు నేలకు పంపారు. ఆ జనమే ఇప్పటి పెగ్విస్ జాతి. ఆ వదిలింపు చెల్లదని కెనడా ప్రభుత్వం తర్వాత ఒప్పుకుంది. 2009లో పరిహారానికి ఒప్పందం కుదిరింది. కానీ వాళ్లు ఉన్నది ఆ పల్లంలోనే. 2022లో అక్కడ పెద్ద వరద వచ్చింది. వెయ్యిమందికి పైగా ఇళ్లు వదిలి నగరంలో హోటళ్లలో ఉండవలసి వచ్చింది. ఆ ఏడాది కూడా విన్నిపెగ్‌ను డఫ్ గారి గుంట కాపాడింది. వీళ్లకు గుంట లేదు. ఒకప్పుడు ఎత్తయిన గట్టు వీళ్లదే.

నీళ్లు నగరం దాటాక కూడా ఎక్కడికో పోతాయి. పొలాల ఎరువులు, ఊళ్ల మురుగు కలిసి ఈ నది వెంట విన్నిపెగ్ సరస్సులోకి చేరతాయి. సరస్సులో చేరే ఫాస్ఫరస్‌లో సగానికి పైగా ఈ ఒక్క నదే తెస్తుంది. వేసవిలో సరస్సు మీద పచ్చటి నాచు చాపలాగా పరుచుకుంటుంది. గట్టున చేపలు పట్టుకుని బతికేవాళ్లు దాన్ని చూస్తూ ఉంటారు.

ఇదంతా విని, కాలువలూ కట్టలూ తప్పని నేను అంటున్నాననుకోకండి. ఆ కాలువ లేకపోతే ఎన్ని వేల ఇళ్లు పోయేవో నాకు తెలుసు. రాబ్లిన్ చేసింది గొప్ప పని. నేను చెప్పేది ఒక్కటే. మేము ఇంజనీర్లం నీటిని మాయం చేయలేం. ఎటు పోవాలో మాత్రం చెప్పగలం. ఒకరి ఇల్లు కాపాడిన ప్రతిసారీ ఆ నీరు ఇంకెవరి వైపో జరుగుతుంది. ఆ ఇంకెవరో డ్రాయింగులో ఉండాలి, అంచనా వ్యయంలో ఉండాలి, పని మొదలుపెట్టక ముందు జరిగే మాటల్లో కూడా ఉండాలి. పని అయ్యాక 36 ఏళ్లకు కాదు.

ఈ సభలో నా వృత్తివాళ్లు కొందరున్నారు. డాక్టర్లున్నారు, అధికారులున్నారు, వ్యాపారస్థులున్నారు, వ్యవసాయం చేసుకుంటున్నవాళ్లున్నారు. ప్రతి ఉద్యోగంలోనూ ఇలాంటి గేట్లు ఒకటో రెండో మన చేతిలో ఉంటాయి. మనం లేపుతాం, మనవాళ్లు బతుకుతారు, సంతోషమే. అప్పుడు ఒక్కసారి ఎగువకు తల తిప్పి చూడాలి. నేను ఆ రైతు వచ్చి అడిగేదాకా తిప్పలేదు.

మా సోషల్ మాస్టారు ఇప్పుడు లేరు. ఉంటే ఈ ముందు వరసలో కూర్చునేవారు. రెడ్ రివర్ పటం ఆయన చేతికిచ్చి, "ఇదిగో మాస్టారూ, ఇంకో ఉత్తరానికి పారే నది" అని చెప్పేవాణ్ణి. ఆయన దాన్ని నేల మీద పరచమనేవారు. చుట్టూ నిలబడమనేవారు. అలా నిలబడినప్పుడే తెలిసింది మాకు, ఎవరు నిలబడ్డ వైపు వాళ్లకు పటంలో కింద అని, ఎదురుగా ఉన్నవాడి వైపు పైన అని.

ఈ బడికి ఇంకో యాభై ఏళ్లు నిండేసరికి మనలో చాలామంది ఉండం. అప్పటి పిల్లల్లో ఎవరైనా లేచి నవ్వొచ్చే ప్రశ్న అడిగితే, నవ్వకుండా పటం కిందికి దించే మాస్టారు ఒకరు ఇక్కడ ఉండాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.